వైస్ సిటీ, వనపర్తి నెట్ సెంటరు, దారిన పోయే మనుషులు

మొన్న సంక్రాంతికి వనపర్తి పోయినప్పుడు మా అక్క కొడుకు ఒక మూల కూర్చుని ఫోన్లో ఏదో ఆడుతున్నాడు. తొంగి చూస్తే కొబ్బరిచెట్ల రోడ్డు, నీలం పూల చొక్కా వేసుకున్న మనిషి, ఎవరిదో లాక్కున్న కారు. వైస్ సిటీ! నా పాలిటెక్నిక్ రోజుల్లో సగం సాయంత్రాల్ని మింగేసిన ఆట.

"నువ్వు గూడ ఇది ఆడేటోనివంట గదా మామా? తాత చేతిల తన్నులు గూడ తిన్నవంట. అమ్మ చెప్పింది."

మా అక్కకి ఏది చెప్పాలో ఏది దాచాలో ఇప్పటికీ తెలియదు. సరే, పక్కన కూర్చుని చూస్తున్నా. కాసేపాగి వాడే అడిగాడు.

"మామా, ఒకటి చెప్పు. ఇందాక ఈ రోడ్డు మీద నలుగురు మనుషులుండిరి. ఆ మలుపు దాకా పోయి మళ్ల తిరిగొస్తే ఎవ్వరు లేరు. యాడికి పోయిండ్రు?"

నాలో ఇంజినీరు వెంటనే లేచాడు. వాళ్ళు ఎక్కడికీ పోలేదురా, మెమరీ సరిపోదు కాబట్టి మనం చూస్తున్నంత మేరకే మనుషుల్ని పుట్టిస్తుంది, మనం దాటిపోగానే తీసేస్తుంది అని చెప్పాను. "మరి వాళ్ల ఇండ్లు?" అన్నాడు. ఇండ్లుండవురా, గోడలే ఉంటాయి అన్నాను. వాడు ఓహో అని మళ్ళీ కారెక్కాడు. నాకే ఆ మాట మనసులో ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట ఈ ఆట మాకు ఎందుకంత నచ్చిందో, ఇప్పుడు ఎక్కడ గుచ్చుకుంటోందో రెండూ ఆ ఒక్క జవాబులోనే ఉన్నాయనిపించింది. ఆ ఆట చరిత్ర, మా ఊళ్ళ చరిత్ర కలిపి చెప్తేగానీ అది అర్థం కాదు. కొంచెం ఓపిక పట్టండి.

రాజావారి ప్యాలెస్‌లో చదువుకున్నానంటే హైదరాబాదు స్నేహితులు నమ్మరు. వనపర్తి సంస్థానం వాళ్ళ ప్యాలెస్సే మా పాలిటెక్నిక్. గద్వాలలో అయితే డిగ్రీ కాలేజీ ఏకంగా కోట లోపలే. మా వైపు అంతే, రాజులు పోయాక కోటల్లోకి కాలేజీలొచ్చాయి. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊళ్ళే. 2016 అక్టోబర్ 11న గానీ మూడూ మూడు జిల్లా కేంద్రాలు కాలేదు.

నేను వైస్ సిటీని మొదట చూసింది 2004లో, కాలేజీ దారిలో ఉన్న ఒక నెట్ సెంటర్లో. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్కలు. గంటకి 15 రూపాయలు. పేరుకే నెట్ సెంటరు. ఫోను లైను మీద వచ్చే ఆ నెట్‌లో ఒక పేజీ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. రిజల్ట్సు వచ్చిన రోజు తప్ప నెట్ కోసం వచ్చేవాళ్ళు తక్కువ. సెంటరు నడిచిందంతా మాలాంటి ఆటగాళ్ళ డబ్బుల మీదే. "అన్నా, వైస్ సిటీ పెట్టు" అంటే చాలు.

మీలో ఆ రోజుల్లో ఆడినవాళ్ళకి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. ఆటని సేవ్ చేసుకోవడానికి 8 స్లాట్లే ఉండేవి. మా సెంటర్లో ఒక్కో కంప్యూటరు మీద ఆడేది ముప్పై మంది. నాలుగు రోజులు కష్టపడి ఒక మిషన్ దాటి సేవ్ చేసుకుని పోతే, మర్నాటికి ఇంకెవడో దాని మీద తన ఆట సేవ్ చేసుకుని ఉండేవాడు. పైగా కరెంటు కోతలు. యూపీఎస్ కుయ్యోమనగానే ఆటలో సేవ్ చేసుకునే ఇంటికి కారు పరిగెత్తించడం... ఆ ఆటలో అసలు మిషన్ మాకు అదే :)

ఇహ ఆట చరిత్రకొద్దాం. దీనికీ మా ఊరికీ ఒక పోలిక ఉంది. ఈ ఆట పుట్టింది న్యూయార్కులోనో లాస్ ఏంజెలెస్‌లోనో కాదు. స్కాట్లండులో డండీ అనే పారిశ్రామిక పట్టణంలో. ఒకప్పుడు మన బెంగాల్ జనపనారతో మిల్లులు నడిపిన ఊరు అది. మిల్లులు మూతబడ్డాక ఆ ఊళ్ళో టైమెక్స్ వాళ్ళ ఫ్యాక్టరీ మిగిలింది. 1980ల్లో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే చవక కంప్యూటర్లు అక్కడే తయారయ్యేవి. దాంతో ఆ ఊరి పిల్లల చేతుల్లోకి కంప్యూటర్లు తొందరగా వచ్చాయి. టైమెక్స్‌లో అప్రెంటిస్‌గా చేసిన డేవిడ్ జోన్స్ 1987లో డీఎమ్ఏ డిజైన్ అనే కంపెనీ పెట్టాడు. 1991లో లెమ్మింగ్స్ అనే ఆటతో పేరు తెచ్చుకున్నారు.

1995లో వాళ్ళు మొదలుపెట్టిన ఇంకో ఆట పేరు రేస్ అండ్ చేజ్. దొంగలు, పోలీసులు, కార్లు. పైనుంచి చూస్తున్నట్టుండే నగరం. చాలాకాలం అది సరిగ్గా కుదరలేదట. ఆడుతుంటే విసుగు. అప్పుడొక బగ్ వచ్చింది. దారి వెతుక్కునే కోడ్‌లో ఏదో తేడా జరిగి, పోలీసు కార్లు ఆటగాడి వెనకపడి ఆపడం మానేసి ఆటగాడి కారులోంచే దూసుకుపోవాలన్నట్టు గుద్దడం మొదలుపెట్టాయి. టెస్టింగ్ చేసేవాళ్ళకి అదే తెగ నచ్చేసింది. బగ్గుని ఫీచర్ చేసేశారు! మనం క్లయింట్‌కి అలా చెప్తే ఒప్పుకోడు గానీ, వాళ్ళ విషయంలో ఆ బగ్గే ఆటని నిలబెట్టింది. 1997లో అది గ్రాండ్ తెఫ్ట్ ఆటో అనే పేరుతో బయటికొచ్చింది.

ఆ మొదటి ఆటలో ఒక విషయం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. రోడ్డు మీద అప్పుడప్పుడూ కాషాయం రంగు బట్టలేసుకున్న హరేకృష్ణ భక్తులు వరసగా నడుస్తూ పోతుంటారు. ఆ వరసలో ఒక్కణ్ణీ వదలకుండా కారుతో తొక్కేస్తే తెర మీద "గౌరాంగా" అని పెద్ద అక్షరాలతో పడి, బోనస్ పాయింట్లొస్తాయి. వివాదం వస్తే అమ్మకాలు పెరుగుతాయని ప్రచురణకర్తలు ఒక పేరున్న ప్రచార నిపుణుణ్ణి పెట్టుకుని మరీ గొడవ రాజేశారు. ఆట మార్కెట్లోకి రాకముందే బ్రిటన్ పార్లమెంటు ఎగువసభలో దాని మీద చర్చ జరిగింది. ఈ గౌరాంగా సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

1998లో అమెరికాకి చెందిన టేక్-టూ ఆ ప్రచురణ వ్యాపారాన్ని కొనుక్కుంది. అదే ఏడాది రాక్‌స్టార్ గేమ్స్ పుట్టింది. 2001 అక్టోబర్లో మూడో భాగం వచ్చేసరికి కెమెరా ఆకాశం నుంచి దిగి రోడ్డు మీదకొచ్చింది. డండీ కంపెనీ ఎడిన్‌బరోకి మారి 2002లో రాక్‌స్టార్ నార్త్ అయింది. అదే ఏడాది అక్టోబర్ 29న ప్లేస్టేషన్ 2 మీద వైస్ సిటీ, 2003 మే నెలలో కంప్యూటర్ మీదకి. అక్కణ్ణుంచి ఏడాది తిరక్కుండానే మా వనపర్తి నెట్ సెంటర్లోకి. హైదరాబాదు నుంచి మా ఊరికి సినిమా పెట్టెలు కూడా అంత తొందరగా వచ్చేవి కావు!

సరే, అందులో అంత గొప్పేముంది? నా లెక్కలో మూడు.

మొదటిది, ఇంజినీరింగు. ప్లేస్టేషన్ 2లో ప్రధాన మెమరీ 32 ఎంబీ. మనం ఇవాళ ఒక మామూలు వెబ్ పేజీకి అంతకంటే ఎక్కువ తగలేస్తున్నాం. ఆ 32 ఎంబీలో ఒక నగరం ఎలా పడుతుంది? పట్టదు. అందుకే నగరమంతా ఎప్పుడూ ఉండదు. కారు ముందుకి పోతుంటే ముందున్న వీధి డిస్కులోంచి లోడవుతూ ఉంటుంది, వెనకున్న వీధి మెమరీలోంచి జారిపోతూ ఉంటుంది. మీకో అరుదైన కారు దొరికిందనుకోండి, ఉన్నట్టుండి ఊరంతా అవే కార్లు కనిపిస్తాయి. గుర్తుందా? అది మన భ్రమ కాదు. ఆ మోడల్ ఎలాగూ మెమరీలో ఉంది కాబట్టి ట్రాఫిక్‌లో దాన్నే వాడేస్తుంది. కంప్యూటర్లో 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ వీడియో కార్డు ఉంటే ఆట నడిచేది. అందుకే మా నెట్ సెంటరు డొక్కు మిషన్ల మీద కూడా ఒక మహానగరం కదిలింది. పూర్తిగా లేనిదాన్ని పూర్తిగా ఉన్నట్టు నమ్మించడం ఎంత పెద్ద విద్యో ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలిసిరాలేదు.

రెండోది, ఊరిని నేర్పే పద్ధతి. ఆటలో మూలన ఒక చిన్న గుండ్రటి మ్యాపు ఉంటుంది గానీ ఫలానా చోటికి ఇలా పో అని దారి గీసి చూపించదు. ఆ సదుపాయం తర్వాతి ఆటల్లో వచ్చింది. ఇందులో గుర్తుల్ని బట్టే నేర్చుకోవాలి. గోల్ఫ్ కోర్సు పక్క సందు, సముద్రం ఒడ్డు హోటళ్ళ వరస, మాల్ ముందు మలుపు. మా ఊళ్ళలో దారి చెప్పేది అచ్చం ఇలాగే కదా! నాగర్‌కర్నూల్లో ఎవరినడిగినా కేసరి సముద్రం చెరువుకి ఇటా అటా అని మొదలుపెడతారు. గద్వాలలో కోట గోడే గుర్తు. వీధి పేరు, ఇంటి నంబరు ఎవడికి తెలుసు? అందుకే అమెరికా ఎప్పుడూ చూడని మాకు ఆ మయామీ నకలు రెండు వారాల్లో కంఠతా వచ్చేసింది. పదిహేనేళ్ళ పోరడికి సొంత ఊళ్ళో సైకిల్ మీద తిరిగే దారులు నాలుగు. అక్కడ మాత్రం ఎటైనా పోవచ్చు, ఎవడూ ఎందుకురా వచ్చావ్ అనడు. ఆ సంబరం మాటల్లో చెప్పలేను.

ఎటైనా అన్నాను గానీ, మొదట్లో కాదు. తుఫాను హెచ్చరిక వల్ల వంతెనలు మూసేశారని ఆట మనల్ని ఒక దీవిలోనే ఉంచుతుంది. కొన్ని మిషన్లు అయ్యాక తెరుస్తుంది. ఇదేం పిచ్చి సాకు అనుకునేవాణ్ణి. 2009 అక్టోబర్లో కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు, అలంపూర్ మునిగి, మా హైవే మీద రాకపోకలు ఆగినప్పుడు ఆ మూసిన వంతెనలే గుర్తొచ్చాయి. నది తలుచుకుంటే మా ఊరూ దీవే.

మూడోది, పాటలు. మా సెంటర్లో ఉన్నది ఎవడో కత్తిరించి చిన్నది చేసిన దొంగ కాపీ. అందులో రేడియో స్టేషన్లే లేవు! అమెరికా వాళ్ళు ఈ ఆట గురించి మొదట పొగిడేది 1980ల పాటలు వచ్చే ఆ రేడియోనే అని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. అయితే కంప్యూటర్ వెర్షన్లో ఒక మంచి పని చేశారు. ఎంపీత్రీ అనే ఫోల్డర్ ఒకటి పెట్టి, అందులో మన పాటలు పడేస్తే కారు రేడియోలో అవే వచ్చేలా రాశారు. గద్వాలలో మా మేనమామ కొడుకు, నాకు బావ, ఇంట్లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాడు. సెలవులకి పోతే ఇద్దరం ఆ ఫోల్డర్లో ఒక్కడు పాటలు వేసుకుని ఆడేవాళ్ళం. 2003 జనవరిలో వచ్చిన సినిమా. మహేష్ బాబు కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర హీరోయిన్‌ని విడిపించి హైదరాబాదు దాకా తీసుకుపోయే కథ. కర్నూలు నుంచి హైదరాబాదు అంటే ఏ రోడ్డు? మా రోడ్డే. అలంపూర్ చౌరస్తా, ఎర్రవల్లి, బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు, కొత్తకోట. సినిమా చూసి, ఆ పాటలు పెట్టుకుని, మయామీ రోడ్ల మీద కారు తోలుతుంటే "బావా, మనం ఇప్పుడు బీచుపల్లి దాటినం" అనేవాడు. నదీ అదే, వంతెనా అదే అనిపించేది.

ఇహ లోపాలు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, చాలానే ఉన్నాయి.

ఊరంతా స్వేచ్ఛ, మిషన్‌లోకి దిగితే మాత్రం పట్టాల మీద రైలు. వాళ్ళనుకున్న దారిలో, వాళ్ళనుకున్న టైములో చెయ్యాల్సిందే. ఆ చిన్న రిమోట్ హెలికాప్టర్‌తో కడుతున్న బిల్డింగులో నాలుగు బాంబులు పెట్టే మిషన్ గుర్తుందా? కీబోర్డు మీద ఆ హెలికాప్టర్ని తిప్పలేక మా బ్యాచ్‌లో సగం మంది ఆటే మానేశారు. మధ్యలో చెక్‌పాయింట్లుండవు. ఓడితే ఒక ట్యాక్సీ వచ్చి మళ్ళీ మొదలుపెట్టే చోటికి తీసుకుపోతుంది, అంతే ఊరట. ఇంకొకటి, హీరోకి ఈత రాదు. మోకాటి లోతు దాటితే చావే. నగరం చుట్టూ సముద్రం పెట్టి, హీరోకి ఈత నేర్పకపోవడం ఏం డిజైనో! కృష్ణ ఒడ్డున పెరిగిన మా బావకి ఇది పెద్ద అవమానంగా ఉండేది. 2004లో శాన్ ఆండ్రియాస్ వచ్చాక గానీ హీరో ఈత కొట్టలేదు.

కాలు నేల మీద పెట్టి తుపాకీ పేల్చాల్సొచ్చినప్పుడు కెమెరా ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. అవన్నీ చిన్న విషయాలు. మిషన్లు దాటలేక పాంజర్ అని టైపు చేసి యుద్ధ ట్యాంకు, లీవ్‌మీఎలోన్ అని కొట్టి పోలీసుల నుంచి విముక్తి తెచ్చుకునేవాళ్ళం. ఇంగ్లీషు స్పెల్లింగులు నాకు ఆ చీట్ కోడ్ల వల్లే వచ్చాయంటే మా సారు ఏడుస్తాడేమో.

అసలు లోపం వేరే. దానికి కొంచెం వెనక్కి పోవాలి.

వైస్ సిటీ కథ 1986లో జరుగుతుంది. మయామీ ఆ రోజుల్లో అలా ఎందుకుంది? 1980లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది పడవలెక్కి ఫ్లోరిడా చేరారు. అదే కాలంలో హైతీ నుంచి కూడా వేలమంది పడవల మీద ప్రాణాలకి తెగించి వచ్చారు. పని వెతుక్కుంటూ, ఆకలికీ నియంతలకీ దూరంగా పారిపోయి వచ్చినవాళ్ళు. హాలీవుడ్డు వాళ్ళని గ్యాంగులుగా చూపించింది. ఆట హాలీవుడ్డుని చూసి రాసుకుంది. ఆటలో క్యూబన్లొక గ్యాంగు, హైతీవాళ్ళొక గ్యాంగు. హైతీవాళ్ళ పేట అంటే చెక్క ఇళ్ళు, మత్తుమందు, చేతబడి. ఒక మిషన్లో వాళ్ళని మూకుమ్మడిగా చంపమనే అర్థం వచ్చే మాటలు కూడా ఉండేవి. 2003 చివర్లో న్యూయార్కులోని హైతీ సంతతి వాళ్ళు రోడ్డెక్కారు. ఆ డిసెంబర్లో కంపెనీ ఆ మాటలు తీసేస్తామని ఒప్పుకుంది, 2004 నుంచి వచ్చిన కాపీల్లో తీసేసింది. మా వనపర్తి కాపీ ఎప్పటిదో, అందులో శబ్దమే సరిగా లేదు కాబట్టి మాకివేవీ తెలియదు. తెర మీద గులాబీ రంగు బాణం గుర్తు ఎవరి నెత్తి మీద పెడితే వాళ్ళని కాల్చేవాళ్ళం.

ఇక్కడే నా నాగర్‌కర్నూల్ రూమ్మేటు సంగతి చెప్పాలి. ఊరు నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. వాళ్ళమ్మా నాయనా ప్రతి ఏడూ పంటలయ్యాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మట్టి పనికి పోయేవాళ్ళు. ఓ ఏడు ముంబై, ఓ ఏడు ఎక్కడో కాలువ పని. పాలమూరు లేబర్ అంటే మీకు తెలిసే ఉంటుంది. దేశంలో చాలా ఆనకట్టల మట్టి మా జిల్లా వాళ్ళు మోసిందే, మా పొలాలకి మాత్రం నీళ్ళుండేవి కావు. వాడు నాతో నెట్ సెంటరుకి వచ్చేవాడు గానీ వాడి ఆట వేరు. ఎవర్నీ గుద్దేవాడు కాదు. ఎర్ర లైటు దగ్గర కారాపేవాడు! మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఆటలో అంబులెన్స్ ఎక్కి ఒక బటన్ నొక్కితే రోగుల్ని హాస్పిటల్‌కి చేర్చే పని మొదలవుతుంది. మొదటి లెవెల్లో ఒకరు, రెండో దాన్లో ఇద్దరు, అలా 12 లెవెళ్ళు. మొత్తం 78 మంది. టైముంటుంది, కారు దెబ్బ తింటే పేషెంటుకి ప్రమాదం. ఒకేసారి కూర్చుని పూర్తి చెయ్యాలి, మధ్యలో కరెంటు పోతే మొదటికే. వాడు ఐదారు వారాలు, వారానికి 15 రూపాయలు దాచుకుని, పూర్తి చేశాడు. బహుమానంగా హీరో ఎంతసేపు పరిగెత్తినా అలసిపోడు.

"గిదంత ఎందుకురా, ట్యాంకు దెచ్చుకుంటే అయిపాయె గదా" అన్నాను ఒకసారి.

"మా అమ్మోళ్లు గూడ ముంబైల రోడ్డు పక్కన్నే పంటరు రా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేనూ ఏం మాట్లాడలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఇది ఆటకి దక్కాల్సిన మార్కే. అంబులెన్సు కూడా అందులోనే పెట్టారు, ట్యాక్సీ పెట్టారు, ఫైరింజను పెట్టారు. ఎలా బతకాలో ఆడేవాడికే వదిలారు. ఆడింది మేం. తొక్కిందీ మేమే. కానీ ఆట ఏది సులువు చేసింది, దేన్ని కష్టం చేసింది అన్నది డిజైనే కదా? తొక్కడానికి ఒక్క సెకను, కాపాడటానికి 12 లెవెళ్ళు. గౌరాంగా నుంచీ వస్తున్న పద్ధతి అది. రోడ్డు మీద మనిషికి పేరుండదు, ఇల్లుండదు, పోతున్న చోటుండదు. మనం చూస్తున్నంతసేపే ఉంటాడు. తెచ్చుకున్న గొప్ప టెక్నిక్కే పెద్ద లోపం కూడా అయింది. మెమరీ పొదుపు కోసం చేసిందని నాకు తెలుసు, 32 ఎంబీలో ఇంకెవరూ అంతకంటే బాగా చెయ్యలేరనీ తెలుసు. అయినా వందల గంటలు అలా ఆడితే ఒక అలవాటు వస్తుంది. దారిన పోయేవాళ్ళని దారిలో భాగంగా చూడటం.

ఆటలు ఆడితే హంతకులవుతారు అనే టీవీ చర్చల టైపు మాట కాదు నేను చెప్పేది. మేమెవరం హంతకులం కాలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లమయ్యాం. శుక్రవారం రాత్రి ఏసీ బస్సెక్కి, కర్టెను లాక్కుని, తెల్లారేసరికి బెంగళూరులో దిగేవాళ్ళమయ్యాం. ఈ మధ్యలో ఒకప్పటి 7వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది, నంబరు 44 అయింది. పెబ్బేరు, కొత్తకోట, బీచుపల్లి మనకి కిటికీలో రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయే లైట్లు. ముందు లోడవుతాయి, వెనక జారిపోతాయి.

2013 అక్టోబర్ 30న తెల్లవారుజామున ఆ రోడ్డు మీదే, కొత్తకోట దగ్గర పాలెం వద్ద, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కల్వర్టుకి కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది. 45 మంది చనిపోయారు. దీపావళికి ఇళ్ళకి పోతున్నవాళ్ళు చాలామంది, అందులో మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఉన్నారు. పాలెం మా ఊరికి ఎంతో దూరం లేదు. ఆ పొద్దున ఆఫీసులో టీవీ ముందు నిలబడ్డప్పుడు నాకు సిగ్గుపడే విషయం ఒకటి గుర్తొచ్చింది. ఆటలో కారు తలకిందులైతే మంటలంటుకుంటాయి, తలుపు తీసుకుని దూకడానికి కొన్ని సెకన్లుంటాయి. దూకలేకపోతే తెర మసకబారి, హాస్పిటల్ మెట్ల మీద మళ్ళీ నిలబడతాం. వంద డాలర్లు పోతాయి, తుపాకులు పోతాయి, అంతే. ఆ సీన్ చూసి మేం ఎన్నిసార్లు నవ్వామో. 2025 అక్టోబర్లో కర్నూలు దగ్గర అదే హైవే మీద ఒక మోటార్ సైకిలుని ఢీకొని మరో బస్సు కాలిపోయింది. పన్నెండేళ్ళలో రోడ్డు మెరుగైంది, బస్సులు ఖరీదైనవి వచ్చాయి. మనిషి లెక్క మాత్రం అలాగే ఉంది.

2021 నవంబర్లో రాక్‌స్టార్ వాళ్ళు మూడు పాత ఆటల్నీ కొత్త ఇంజిన్ మీద మళ్ళీ తెచ్చారు. మెరుపులు పెరిగాయి, బగ్గులు కుప్పలు. చివరికి కంపెనీ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. నేనూ కొన్నాను, ఈసారి డబ్బులిచ్చి. రేడియో మొదటిసారి సరిగా విన్నాను (కొన్ని పాటలు హక్కులు అయిపోయి తీసేశారట, నా టైమ్ అలాంటిది). కొబ్బరాకులు మెరుస్తున్నాయి, నీళ్ళు నిజం నీళ్ళలా ఉన్నాయి. హీరోకి ఈత ఇప్పటికీ రాదు. వెనక్కి తిరిగి చూస్తే ఇందాకటి మనుషులు ఇప్పటికీ లేరు. ఇప్పుడు మెమరీ లేక కాదు కదా!

నన్ను మార్కులెయ్యమంటే ఇంజినీరుగా పదికి తొమ్మిదిస్తాను. ఒక తరం ఆటలన్నీ దాన్ని చూసే నేర్చుకున్నాయి. నాలాంటి ఎంతోమందికి కంప్యూటర్ అంటే ప్రేమ పుట్టింది ఆ నెట్ సెంటర్లో, ఆ ఆట ముందే. పాలమూరు మనిషిగా మాత్రం మార్కులెయ్యలేను. ఆ ఆటలో మా జిల్లా ఎక్కడుందని వెతికితే, స్టీరింగు ముందు లేదు, పేవ్‌మెంటు మీద ఉంది.

సంక్రాంతి అయిపోయి తిరిగి వచ్చేటప్పుడు అల్లుడు కారు దాకా వచ్చాడు. అంబులెన్స్ మిషన్ ఎలా మొదలుపెట్టాలో చూపించాను. ఎన్ని లెవెళ్ళు అన్నాడు. 12 అన్నాను. "అమ్మో, గన్ని ఎవరాడతరు మామా" అన్నాడు. ఒకడు ఆడాడురా, కరెంటు కోతల్లో, అని చెప్పి బండి తీశాను. కొత్తకోట దాటాక, పాలెం దగ్గర ఎప్పట్లాగే కాస్త నెమ్మదిగా పోయాను. రోడ్డు దాటడానికి ఒక ముసలాయన, చేతిలో సద్ది గిన్నెతో ఒకామె నిలబడి ఉన్నారు. ఆగాను. దాటి పోయారు. అద్దంలో చూస్తే ఇద్దరూ ఇంకా నడుస్తూనే ఉన్నారు, ఊళ్ళోకి.